అందరూ ఒకపక్కకి పరిగెత్తినా ఒరగని పడవ: కొచ్చి వాటర్ మెట్రో డిజైన్ కథ

ఇవాళ పడవల గురించి మాట్లాడుకుందాం. సముద్రం మీద తిరిగే పెద్ద ఓడలు కాదు. నదిలో, కాలువలో, బ్యాక్ వాటర్స్ లో మనుషుల్ని ఎక్కించుకుని తిరిగే పడవలు. కొత్తగా అలాంటిదొకటి కట్టాలంటే ఇంజనీర్లు ఏమేం ఆలోచిస్తారు, ఎక్కడ జాగ్రత్త పడతారు అన్నదే ఇవాళ్టి టాపిక్. ఉదాహరణగా కేరళలో తిరుగుతున్న కొచ్చి వాటర్ మెట్రో బోటుని తీసుకుంటున్నాను.

ముందు నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. బీటెక్ థర్డ్ ఇయర్ లో మేం ఎనిమిది మంది ఫ్రెండ్స్ పాపికొండలు వెళ్ళాం. రెండంతస్తుల లాంచీ. పైన పాటలు, డాన్సులు, కింద టిఫిన్లు. కొండలు దగ్గరపడే చోటికి రాగానే మైకులో గైడు "ఎడంపక్క చూడండి" అన్నాడు. అంతే, పైన ఉన్నవాళ్ళం అందరం ఫోన్లు పట్టుకుని ఎడంపక్కకి పరిగెత్తాం. లాంచీ మెల్లగా అటు ఒరిగింది. కుర్చీలు జరిగాయి. కింద నుంచి ఒకాయన "ఒరేయ్, అందరూ ఒకపక్కకి రాకండిరా, సగం మంది ఇటు రండి" అని గట్టిగా అరిచాడు. మేం నవ్వుకుంటూ సగం మందిమి వెనక్కి వచ్చాం. లాంచీ సర్దుకుంది. ఫోటోలు కూడా బాగా వచ్చాయి.

తర్వాత 2019 సెప్టెంబరు 15న, అదే గోదావరిలో, దేవీపట్నం దగ్గర కచ్చులూరు మలుపులో టూరిస్టు బోటు మునిగిపోయింది. నది వరద మీద ఉంది. 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. మునిగిన బోటుని ఒడ్డుకి తీసింది ఐదు వారాల తర్వాత, అక్టోబరు 22న. అప్పటికి నేను హైదరాబాద్ లో జాబ్ చేస్తున్నాను. టీవీలో ఆ దృశ్యాలు చూస్తుంటే నాకు ఆ అరుపే గుర్తొచ్చింది. ఆ రోజు మా ప్రాణాలు దేని మీద ఆధారపడ్డాయి? ఒక మనిషి గొంతు మీద. మేం ఆయన మాట వినడం మీద.

నేను సాఫ్ట్ వేర్ వాణ్ణి. మా పనిలో మొదటి పాఠం ఏంటంటే, యూజర్ మనం అనుకున్నట్టు నడుచుకోడు. ఫోన్ నంబర్ అడిగిన చోట పేరు రాస్తాడు, ఒకసారి నొక్కాల్సిన బటన్ పదిసార్లు నొక్కుతాడు. "అలా నొక్కకండి" అని బోర్డు పెట్టడం పరిష్కారం కాదు. పదిసార్లు నొక్కినా పాడవకుండా ప్రోగ్రామ్ రాయాలి. పడవకి కూడా ఇదే వర్తిస్తుందా అని వెతుక్కుంటూ వెళ్తే ఈ సబ్జెక్టులో పడ్డాను.

పడవ ఎందుకు ఒరుగుతుంది

పడవ ఎందుకు తేలుతుందో స్కూల్లోనే చదువుకున్నాం. అది పక్కకి నెట్టిన నీటి బరువు, దాని సొంత బరువు సమానం. కానీ తేలడం వేరు, నిటారుగా తేలడం వేరు. ఖాళీ సీసాని నీళ్ళలో వేయండి. తేలుతుంది, కానీ పడుకుని తేలుతుంది.

దీన్ని ఇలా ఊహించుకోండి. గోడకి మేకు కొట్టి ఒక ఫోటో ఫ్రేమ్ తగిలించారు. ఫ్రేమ్ ని కొంచెం పక్కకి తోసి వదిలితే మళ్ళీ తన చోటికి వచ్చేస్తుంది. ఎందుకంటే దాని బరువు మేకుకి కింద ఉంది. పడవ కూడా కంటికి కనపడని ఒక మేకుకి వేలాడుతున్నట్టే ప్రవర్తిస్తుంది. ఇంజనీర్లు ఆ బిందువుని మెటాసెంటర్ అంటారు. పడవ మొత్తం బరువు కేంద్రం ఆ మేకుకి కింద ఉన్నంతసేపు, ఒరిగినా తిరిగి లేస్తుంది. ఆ రెండిటి మధ్య దూరం ఎంత ఎక్కువైతే అంత బలంగా లేస్తుంది. బరువు కేంద్రం మేకు కంటే పైకి పోయిందా, ఇక ఆ పడవ నిటారుగా నిలబడదు.

మరి ఆ మేకు ఎంత ఎత్తులో ఉంటుందో ఎవరు నిర్ణయిస్తారు? ముఖ్యంగా పడవ వెడల్పు. అది కూడా మామూలుగా కాదు, వెడల్పుకి ఘనం లెక్కన. వెడల్పు రెట్టింపు చేస్తే, నీటి మట్టం దగ్గర ఆ ఆకారం ఒరగకుండా పట్టుకునే శక్తి ఎనిమిది రెట్లవుతుంది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఇది నేను కాగితం మీద వేసుకున్న పడవ, నిజమైనది కాదు. పొడవు 20 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, డబ్బా ఆకారం, నీళ్ళలో 1 మీటరు లోతు మునిగి ఉంటుంది. అంటే 100 మంది మనుషులతో కలిపి బరువు 80 టన్నులు. ఒక్కొక్కరు 75 కిలోలనుకుంటే, మనుషులే 7.5 టన్నులు. బరువు కేంద్రం అడుగు నుంచి మీటరున్నర ఎత్తులో ఉందనుకుందాం. లెక్క చేస్తే బరువు కేంద్రానికి, మేకుకి మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు వస్తుంది.

ఇప్పుడు ఆ 100 మందీ ఒకేసారి ఒకటిన్నర మీటరు పక్కకి జరిగారు. పడవ ఎంత ఒరుగుతుంది? దాదాపు 23 డిగ్రీలు. నీటి నుంచి డెక్ ఎత్తు 80 సెంటీమీటర్లయితే, 22 డిగ్రీలకే డెక్ అంచు నీటిని తాకేస్తుంది. మనుషులు వేసింది కొన్ని అడుగులే.

ఇంకో పని చేద్దాం. ఆ 100 మందినీ పై అంతస్తుకి పంపిద్దాం, రెండు మీటర్లు పైకి. బరువు కేంద్రం 20 సెంటీమీటర్లకి దగ్గరగా పైకి జరుగుతుంది. 33 లో 19 తీసేస్తే మిగిలింది 14 సెంటీమీటర్లు. పడవకి ఉన్న పట్టులో సగానికి పైగా, ఎవరూ ఏ తప్పూ చేయకుండానే, మెట్లెక్కినందుకు పోయింది. ఇప్పుడు వీళ్ళే పక్కకి పరిగెత్తితే ఇక లెక్క అక్కర్లేదు.

ఇది కాగితం మీదే కాదు. 2009 సెప్టెంబరు 30న కేరళలోని తేక్కడిలో రెండంతస్తుల టూరిస్టు బోటు తిరగబడి 45 మంది చనిపోయారు. ఒడ్డున వన్యప్రాణులు కనిపించగానే జనం ఒకపక్కకి చేరారని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. ఆలోచించండి, వన్యప్రాణుల్ని చూపించడానికే ఆ బోటు ఉంది. అవి కనిపిస్తే జనం అటు వెళ్తారు. అది వాళ్ళ తప్పెలా అవుతుంది?

రెండు పడవలు, ఒక పందిరి

ఇప్పుడు కొచ్చికి వద్దాం. కొచ్చి చుట్టూ దీవులు, వాటి మధ్య బ్యాక్ వాటర్స్. అక్కడివాళ్ళకి పడవంటే షికారు కాదు, ఆఫీసుకి, ఆసుపత్రికి, బడికి వెళ్ళే దారి. 2023 ఏప్రిల్ 25న ఆ నీళ్ళ మీద వాటర్ మెట్రో మొదలైంది. బోట్లు కట్టింది కొచ్చిన్ షిప్ యార్డ్. ఐఎన్ఎస్ విక్రాంత్ అనే విమాన వాహక నౌకని కట్టింది కూడా వీళ్ళే. 100 మంది పట్టే బోటు, సగం మందికి సీట్లు, సగం మంది నిలబడి వెళ్ళొచ్చు. పొడవు సుమారు 25 మీటర్లు. మొదటి బోటు పేరు ముజిరిస్, మలబార్ తీరంలో ఉండిన పాత రేవుపట్నం పేరు.

ఆ బోటుని ముందు నుంచి చూస్తే ఒక విషయం వెంటనే తెలుస్తుంది. కింద ఒక పడవ కాదు, రెండు సన్నటి పడవలు ఉన్నాయి. వాటి మీద ఒక వంతెనలా వేసి, ఆ వంతెన మీద మనుషులు కూర్చునే గది కట్టారు. దీన్నే కెటమరాన్ అంటారు. ఆ మాట తమిళంలోని కట్టుమరం నుంచి వెళ్ళింది, మన తెప్ప లాంటిది. కానీ ఈ ఆకారాన్ని గోదావరి జిల్లాలవాళ్ళకి పరిచయం చేయక్కర్లేదు. రెండు నావలు పక్కపక్కన పెట్టి, పైన బల్లలు పరిచి కట్టి, దాని మీద బళ్ళనీ పశువుల్నీ రేవు దాటించేవాళ్ళు. పంటు అంటే మా తాతగారికి అదే. ఒంటి నావ మీద ఎద్దుబండి నిలబడదు, జంట నావ మీద నిలబడుతుంది అని వాళ్ళకి ఏ ఫార్ములా లేకుండానే తెలుసు.

మన కాగితం పడవనే తీసుకుని, నిలువునా రెండుగా కోద్దాం. ఒక్కో ముక్క 20 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు. రెండిటి మధ్యగీతలు 5 మీటర్ల దూరంలో ఉండేలా జరిపి పైన వంతెన వేద్దాం. లెక్క తేలిగ్గా ఉండటానికి బరువు అదే 80 టన్నులు, మునిగే లోతు అదే మీటరు, బరువు కేంద్రం ఎత్తు కూడా అదే అనుకుందాం. మొత్తం వెడల్పు మాత్రం 4 నుంచి 7 మీటర్లయింది. ఒరగకుండా పట్టుకునే శక్తి దాదాపు ఐదు రెట్లయింది. మేకుకీ బరువు కేంద్రానికీ మధ్య దూరం 33 సెంటీమీటర్ల నుంచి ఐదున్నర మీటర్లకి పైగా పెరిగింది. ఇప్పుడు 100 మందినీ రెండున్నర మీటర్లు పక్కకి పరిగెత్తించండి. ఒరిగేది రెండున్నర డిగ్రీల లోపు. చేతిలో టీ గ్లాసు ఉంటే టీ కూడా ఒలకదు.

ఇక్కడ ఎవరూ ఎవరినీ అరిచి కూర్చోబెట్టలేదు. జనం పరిగెత్తారు, అయినా ఏమీ కాలేదు. నేను వెతికిన జవాబు ఇదే.

దీనికి తోడు కొచ్చి బోటులో ప్రయాణికులకి ఒకే అంతస్తు. పైకెక్కే అవకాశమే లేదు కాబట్టి బరువు కేంద్రం పైకి పోయే సమస్య లేదు. టికెట్ గేట్లు మెట్రో రైలు స్టేషన్లో లాంటివే. ఎంతమంది లోపలికి వచ్చారో లెక్క ఉంటుంది, 100 దాటితే తర్వాతి బోటు. ఓవర్ లోడ్ ఆపే పనిని కూడా మనిషి మొహమాటానికి వదల్లేదన్నమాట.

కెటమరాన్ కి లోపాలు లేవా అంటే ఉన్నాయి. రెండు హల్స్ కాబట్టి మెటల్ ఎక్కువ, వెల్డింగ్ ఎక్కువ, ఖర్చు ఎక్కువ. రెండు హల్స్ ని కలిపే వంతెన మీద మెలితిప్పే బలాలు పడతాయి, అక్కడ బలంగా కట్టాలి. అలల్లో ఊగితే మెల్లగా కాకుండా చటుక్కున ఊగుతుంది. ఒక హద్దు దాటి ఒరిగితే దాని పట్టు కూడా వేగంగా తగ్గిపోతుంది. అందుకే ఆ హద్దు దగ్గరికి పోకుండా లెక్కలు కడతారు.

బరువు మీద యుద్ధం

హల్ అల్యూమినియంతో చేశారు. ఒకే సైజు ముక్క తీసుకుంటే అల్యూమినియం బరువు స్టీలులో మూడో వంతు. బలం తక్కువ కాబట్టి మందం ఎక్కువ వాడాలి, అయినా మొత్తం మీద బాగా కలిసొస్తుంది. కానీ వెల్డింగ్ కష్టం. దాని మీద ఎప్పుడూ ఒక ఆక్సైడ్ పొర ఉంటుంది, ముందు దాన్ని శుభ్రం చేయాలి, ఆర్గాన్ వాయువు కప్పుతూ వెల్డ్ చేయాలి. పైగా 660 డిగ్రీలకే కరిగిపోతుంది, అంతకన్నా చాలా ముందే మెత్తబడుతుంది. అందుకే మంట పుట్టే అవకాశం ఉన్న చోట గోడలకి వేడి తగలకుండా ఇన్సులేషన్ తప్పనిసరి.

ఎందుకింత కష్టపడి బరువు తగ్గించడం? బోటు నడిచేది బ్యాటరీ మీద కాబట్టి. ఒక్కో బోటులో 122 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉంటుంది. అది మన ఫోన్లలో ఉండే రకం కాదు, లిథియం టైటనేట్. ఈ రకానికి ఒక పెద్ద లోపం ఉంది. అదే బరువుకి మామూలు లిథియం బ్యాటరీలో సగం శక్తి కూడా దాచుకోలేదు. మరి ఎందుకు ఎంచుకున్నారు? మూడు కారణాలు. 10, 15 నిమిషాల్లో ఛార్జ్ అవుతుంది, అంటే రేవులో జనం దిగి ఎక్కేలోపు నింపేయొచ్చు. వేల వేల సార్లు ఛార్జ్ చేసినా త్వరగా అరగదు. అన్నిటికంటే ముఖ్యం, వేడెక్కి అంటుకునే ప్రమాదం చాలా తక్కువ. కారులో మంటొస్తే తలుపు తీసి దిగిపోతాం. నీటి మధ్యలో 100 మంది ఎక్కడికి దిగుతారు?

బ్యాటరీ మీద 8 నాట్లు, అంటే గంటకి సుమారు 15 కిలోమీటర్లు. అవసరమైతే డీజిల్ జనరేటర్ కూడా తోడై 10 నాట్ల వరకు వెళ్తుంది. 15 కిలోమీటర్లంటే సైకిల్ వేగం కదా అనిపిస్తుంది. కానీ నీటిలో వేగం పెంచేకొద్దీ ఎక్కువ శక్తి అలలు లేపడానికే పోతుంది. ఆ అలలు ఊరికే పోవు. ఇరుకు కాలువల్లో ఒడ్డుని కోసేస్తాయి, పక్కన వల వేసుకుంటున్న చిన్న దోనెని ఊపేస్తాయి. అందుకే హల్స్ ని సన్నగా, నీటిని కత్తిలా కోసుకుపోయేలా మలిచారు. బోటు వెనక వచ్చే అల ఎంత తక్కువుంటే బ్యాటరీకి అంత మంచిది, ఒడ్డున ఉన్నవాడికీ అంతే మంచిది.

రేవులు కూడా తేలేవే. కొచ్చిలో సముద్రపు ఆటుపోట్లకి నీటి మట్టం మీటరు వరకు మారుతుంది. కదలని మెట్లు కడితే ఒకప్పుడు పైకి ఎక్కాలి, ఒకప్పుడు కిందికి దూకాలి. తేలే పాంటూన్ అయితే నీటితోపాటే లేచి దిగుతుంది, బోటు డెక్ తో ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది. వీల్ చైర్ నేరుగా లోపలికి వెళ్ళిపోతుంది. పెద్దవాళ్ళ చేయి పట్టి లాగక్కర్లేదు.

చివరి పరీక్ష: దారం, గుండు

నాకు బాగా నచ్చిన విషయం ఇది. పడవ కట్టడం అయిపోయాక, కంప్యూటర్ ఇచ్చిన లెక్కల్ని అలాగే నమ్మరు. వెల్డింగ్ బరువు, వైర్ల బరువు, చివర్లో మార్చిన సీట్ల బరువు, అన్నీ కలిసి అసలు బరువు కేంద్రం ఎక్కడికి చేరిందో కొలిచి చూస్తారు. దాని పేరు ఇంక్లైనింగ్ టెస్టు.

గాలి లేని సమయంలో, కదలని నీటిలో పడవని వదులుగా కడతారు. లోపల పైనుంచి ఒక పొడుగాటి దారానికి గుండు వేలాడదీస్తారు, తాపీ మేస్త్రీ దగ్గరుండే తూకపు గుండు లాంటిదే. ముందే తూచిన బరువుల్ని డెక్ మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరిపి, గుండు ఎంత కదిలిందో స్కేలు పెట్టి కొలుస్తారు. మన ఒంటి పడవలో అర టన్ను బరువుని 3 మీటర్లు జరిపితే, 2 మీటర్ల దారం చివర గుండు 11 సెంటీమీటర్లు కదులుతుంది. జంట పడవలో అదే బరువుకి 7 మిల్లీమీటర్లు కూడా కదలదు. ఆ ఒక్క కొలతతో పడవ అసలు గుణం బయటపడుతుంది. తర్వాత దాన్ని నిబంధనలతో పోల్చి చూస్తారు. ప్రయాణికుల నౌకలకి ఉన్న అంతర్జాతీయ స్టెబిలిటీ కోడ్ ఏమంటుందంటే, జనమంతా ఒకపక్కకి చేరినా ఒరుగు 10 డిగ్రీలు దాటకూడదు. చూశారా, "జనం చేరకూడదు" అని రాయలేదు. చేరతారు అనుకునే రాశారు.

అందుకే ఒకదానికోసం కట్టిన పడవని ఇంకోదానికి మార్చడం ఎంత ప్రమాదమో చూడండి. వాటర్ మెట్రో మొదలైన 12 రోజులకే, 2023 మే 7న, అదే కేరళలో, తానూరులో ఒక రెండంతస్తుల టూరిస్టు బోటు తిరగబడి 22 మంది చనిపోయారు. ఎక్కువమంది పిల్లలు. అది మొదట చేపల వేట పడవ. చేపలు అడుగున ఉంటాయి, కదలవు. మనుషులు పైన ఉంటారు, కదులుతారు. పైన ఒక అంతస్తు వేయగానే అది పాత పడవ కాదు, కొత్త పడవ. దారం గుండు పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేయాలి.

మరి మన గోదావరికి?

ఇదే బోటు తెచ్చి గోదావరిలో వేసేస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. కొచ్చిలో నీరు దాదాపు నిలకడ, మట్టం తేడా మీటరు. గోదావరి సంగతి వేరు. భద్రాచలం దగ్గర 43 అడుగులకే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 2022 జూలైలో నది 71 అడుగులు దాటింది. పాపికొండల మధ్య ఇరుకులో వరద ఎదురైతే 8 నాట్ల బోటు ఎదురీదలేదు, బ్యాటరీ మధ్యలోనే అయిపోతుంది. ఎంత మంచి హల్ అయినా, వరదలో బయల్దేరకూడదన్న నిర్ణయానికి అది బదులు కాదు. మన నదికి మన నది లెక్కలే వేయాలి. ఎక్కువ శక్తి ఉన్న మోటార్లు, పదుల అడుగుల తేడాని తట్టుకునే రేవులు, ఏ మట్టం దాటితే బోటు కదలకూడదో ముందే రాసి పెట్టుకున్న అంకె. చట్టం ఎలాగూ ఉంది. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్, సర్వే, ప్రాణరక్షణ పరికరాలు అన్నిటికీ దేశమంతా ఒకే పద్ధతి ఉండాలన్నది దాని ఉద్దేశం.

మనం కూడా ఒక పని చేయొచ్చు. ఈసారి లాంచీ ఎక్కేటప్పుడు "లైఫ్ జాకెట్ ఉందా" అని అడగండి, తప్పకుండా వేసుకోండి. దాంతోపాటు ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగండి. ఈ పడవ మొదట దేనికోసం కట్టారు? పై అంతస్తులో ఎంతమందిని ఎక్కించొచ్చని సర్వే కాగితంలో రాసి ఉంది? జవాబు చెప్పలేకపోతే ఒడ్డు మీదే ఉండిపోండి, కొండలు ఎక్కడికీ పోవు.

ఆ రోజు మా లాంచీలో అరిచినాయన ఇప్పుడెక్కడ ఉన్నాడో తెలియదు. ఆయన తన పని సరిగ్గానే చేశాడు. ఆయన అరవాల్సిన అవసరం లేని లాంచీలో మా అమ్మానాన్నల్ని ఒకసారి పాపికొండలు తీసుకెళ్ళాలని ఉంది.

కాగితం పడవ లెక్క మీరూ వేసి చూడండి. వెడల్పు మార్చండి, ఎత్తు మార్చండి, ఏమవుతుందో మీకే తెలుస్తుంది. ఇంకో ఎపిసోడ్ లో కలుద్దాం. ఉంటానండీ.